తేనెపెట్టె ఒక్కటే ఇస్తే ఈగలు నిలుస్తాయా?

మా ఇంటి పంచలో ఒక తేనెపెట్టె ఉంది. పసుపు రంగు వేసిన మంచి చెక్క పెట్టె. అందులో ఇప్పుడు బోరు మోటారు ఫ్యూజు తీగలు, రెండు స్పానర్లు, పాత స్టార్టరు సామాను ఉన్నాయి. ఈగలు మాత్రం లేవు. మూడేళ్ళ కిందట ఒక మార్చి నెలాఖరులో ఈగలతో సహా వచ్చిన పెట్టె అది. నలభై రోజులు తిరక్కుండానే ఖాళీ అయింది. నాకు తెలిసిన ఇళ్ళలోనే ఇలాంటివి మరో మూడు ఉన్నాయి. ఒకదాంట్లో అలసంద విత్తనం దాచుకున్నారు. ఒకదాని మీద కుండ పెట్టుకున్నారు. ఇంకొకటి ఏమైందో అడిగితే ఆ ఇంటాయన నవ్వి ఊరుకున్నాడు.

పెట్టె ఎవరిచ్చారో ఇక్కడ రాయను. తప్పంతా వాళ్ళదీ కాదు. ఏమేం కావాలో నేను అడగలేదు, ఏమేం లేవో వాళ్ళు చెప్పలేదు. ఒక విషయం మాత్రం గుర్తు పెట్టుకోవాలి. అప్పుడు మా చేని గట్టున వేపచెట్లు పూత మీద ఉన్నాయి. కానుగ పూస్తోంది. ఈగలకు తిండి కరువేమీ లేదు. పెట్టె కూడా నికరమైనదే. అయినా ఒక తెల్లవారి చూస్తే పెట్టె కాళ్ళ మీదుగా ఎర్రచీమలు దారంలా పాకుతున్నాయి. లోపల పిల్ల పురుగుల్ని లాక్కుపోతున్నాయి. చీపురుతో ఊడ్చాను, బూడిద చల్లాను. రెండు రోజులు ఆగి మళ్ళీ వచ్చాయి. మూడోసారికి ఈగలే విసిగి గుంపుగా లేచి పోయాయి. మా పక్కింటి కుర్రాడు వచ్చి, ‘ఏందన్నా, ఈగలు యాడికి పోయినాయి?’ అని అడిగితే జవాబు చెప్పలేకపోయాను. పెట్టె కాళ్ళ కింద నాలుగు గిన్నెలు పెట్టి నీళ్ళు పోసి ఉంటే అవి ఇప్పటికీ అక్కడే ఉండేవేమో.

తేనెటీగల పెంపకం అనగానే మనవాళ్ళ నోట వచ్చే మొదటి మాట ‘పెట్టె’. సబ్సిడీ పెట్టెకే, ఫొటో పెట్టెతోనే, ఏడాది చివర లెక్క రాసేదీ ఎన్ని పెట్టెలు పంచారనే. కొత్తగా మొదలుపెట్టిన రైతు దగ్గర ఈగలు పోయేది పెట్టె బాగాలేక కాదు. పెట్టెతోపాటు రావలసిన చిల్లర సామాను రాక. ఖరీదులో అదే తక్కువ, అవసరంలో అదే ఎక్కువ. మన పావగడ లాంటి మెట్ట తాలూకాలో ఇది మరీ నిజం.

ఏ ఈగకు పెట్టె?

మనం తెలుగు, కన్నడ పేర్లు కలిపి వాడతాం కాబట్టి ముందు పేర్లు తేల్చుకుందాం. హెజ్జేను అంటే కొండరాళ్ళకు, పెద్ద చెట్లకు, నీళ్ళ ట్యాంకుల అడుగున ఒకే పెద్ద పట్టు పెట్టే కొండ ఈగ. అది పెట్టెలో ఉండదు. దాన్ని పెట్టెలో పెంచుతామని ఎవరైనా చెబితే డబ్బు ఇవ్వొద్దు. కోలుజేను అంటే కంపల్లో, సన్న కొమ్మకు అరచేయంత పట్టు కట్టే చిన్న ఈగ. అదీ పెట్టెలో నిలవదు. పెట్టెలో ఉండేది తుడువె. పుట్టల్లో, చెట్టు తొర్రల్లో చీకట్లో వరసగా పట్టులు పెట్టుకునే పుట్టతేనె ఈగ. మన పెద్దలు పుట్ట తవ్వి తీసిన తేనె దీనిదే.

ఇంకొకటి ఇటాలియన్ ఈగ. 1960ల్లో పంజాబు వైపు మన దేశంలో నిలదొక్కుకుంది. తేనె బాగా ఇస్తుంది. పెట్టెకు పాతిక ముప్పై కిలోలు అని చెప్పేవి దీని లెక్కలే. అయితే అవి పూత ఎక్కడుంటే అక్కడికి పెట్టెల్ని లారీల్లో తిప్పేవాళ్ళ లెక్కలు. ఒకేచోట పెట్టి కూర్చునేవాడికి ఆ తేనె రాదు. పైగా దానికి చక్కెర ఎక్కువ కావాలి, నల్లుల్లాంటి పురుగుల బాధ వేరే. మన తుడువె ఏడాదికి ఐదు నుంచి పది కిలోలు ఇస్తే మంచి ఏడాది కిందే లెక్క. తక్కువే అనిపించవచ్చు. కానీ రెండు పెట్టెలతో నేర్చుకునేవాడికి ఇదే సరైన ఈగ అని నా అభిప్రాయం.

ఈగలు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. 1991, 92ల్లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ రోగం దక్షిణాదిలో తుడువె ఈగల్ని ఊడ్చేసింది. కర్ణాటకలో నూటికి తొంభైకి పైగా కుటుంబాలు పోయాయని లెక్క తేల్చారు. కొడగులో తరతరాలుగా తేనె తీసిన ఇళ్ళలో కూడా పెట్టెలు ఖాళీ అయ్యాయి. ఆ రోగానికి మందు లేదు. పిల్ల పురుగు గదిలోనే నీళ్ళ సంచిలా అయిపోయి చస్తుంది. కాబట్టి అమ్మేవాడి చేత పెట్టె తెరిపించి, పిల్లల పట్టు పైకి తీయించి చూడాలి. పురుగులు ముత్యాల్లా తెల్లగా, చుట్టుకుని పడుకుని ఉంటే సరే. ‘మూత తీస్తే కుడతాయి సార్’ అని తప్పించుకునేవాడి దగ్గర కొనొద్దు.

పెట్టె విషయంలో చూడాల్సింది

పెట్టె గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే అందరూ రాసేది దాని గురించే. అడుగు పలక, పిల్లల అర, దానిమీద తేనె అర, లోపలి మూత, పై మూత. అరల్లో చట్రాలు వేలాడుతుంటాయి. ఈగలు ఆ చట్రాల్లో పట్టు కడతాయి. ఈ ఏర్పాటు వెనుక ఉన్న రహస్యం ఒక్కటే, సందు. రెండు పట్టుల మధ్య ఈగ నడవడానికి ఎంత సందు కావాలో అంతే ఉంటే దాన్ని దారిగా వదిలేస్తుంది. ఎక్కువైతే అక్కడా పట్టు కడుతుంది, తక్కువైతే మూసేస్తుంది. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే ఆయన ఈ కిటుకు పట్టుకున్నాడు. మన తుడువె ఈగ చిన్నది కాబట్టి దానికి చిన్న పెట్టె కావాలని తిరుచిరాపల్లి వైపు ఫాదర్ న్యూటన్ 1910ల్లో వేరే పెట్టె చేశాడు. ఇప్పటికీ దక్షిణాదిలో ఆయన పేరుతోనే నడుస్తోంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మన ఊరి వడ్రంగి ఆ పెట్టె చేయలేడా అని చాలామంది అడుగుతారు. చేయగలడు. తలుపులు, నాగళ్ళు చేసిన చేయికి ఇదొక లెక్కా? కానీ కంటి అందాజుతో చేస్తే పనికిరాదు. ఒక మంచి నమూనా పెట్టె ముందు పెట్టి, ఒక్క మిల్లీమీటరు తేడా లేకుండా చేయించాలి. అన్ని పెట్టెలూ ఒకే కొలత ఉండాలి. ఒక పెట్టె చట్రం ఇంకో పెట్టెలో పట్టకపోతే, బలహీనమైన కుటుంబానికి బలమైనదాని నుంచి పిల్లల పట్టు మార్చే వీలుండదు. ఘాటు వాసన ఉన్న చెక్క వద్దు. రంగు బయటవైపే వేయాలి, లోపల వద్దు. మన ఎండకు లేత రంగే మంచిది. అంతే, పెట్టె కథ అయిపోయింది.

నాలుగు గిన్నెలు

ఇక అసలు సంగతికి వద్దాం. పెట్టెను నేలమీద పెట్టకూడదు. మోకాలెత్తు స్టాండు కావాలి. స్టాండుకు నాలుగు కాళ్ళు, నాలుగు కాళ్ళ కింద నాలుగు గిన్నెలు, గిన్నెల్లో నీళ్ళు. చీమకు కందకం ఇదే. బజారులో ఇరవై ముప్పై రూపాయలకు దొరికే ప్లాస్టిక్ గిన్నెలైనా చాలు, పగిలిన చెంబులైనా చాలు.

అయితే గిన్నెలు పెట్టడంతో పని అయిపోదు. ఏప్రిల్, మే నెలల్లో మనవైపు ఎండకు పొద్దున పోసిన నీళ్ళు మర్నాటికి సగం ఉండవు. రెండు రోజులు ఊరికి పోయి వస్తే గిన్నె ఎండి చీమకు బాట తయారు. అందుకని నీళ్ళ మీద నాలుగు చుక్కలు వాడేసిన నూనె వేస్తే ఆవిరి తగ్గుతుంది. అయినా చూసుకుంటూనే ఉండాలి. ఎండుటాకు ఒకటి గిన్నెలో పడితే అదే వంతెన. పక్కన పెరిగిన గడ్డిపోచ వంగి పెట్టెను తాకితే అదీ వంతెనే. గోడకు ఆనించి పెట్టినా, తాడుతో చెట్టుకు కట్టినా చీమలు ఆ దారినే వస్తాయి. గిన్నెలు పెట్టానని ధైర్యంగా ఉండి, గడ్డి కోయక ఈగల్ని పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. కాబట్టి ఒక కొడవలి కూడా ఈ సామానులో చేరినట్టే.

ఈగకు తాగే నీళ్ళు వేరే పెట్టాలి. ఇది మన తాలూకాలో ఎవరూ ముందు ఆలోచించని విషయం. ఎండాకాలంలో ఈగలు నీళ్ళు మోసుకొచ్చి పట్టుల మీద చిలకరించి రెక్కలతో విసిరి పెట్టెను చల్లబరుస్తాయి. దగ్గరలో నీళ్ళు లేకపోతే పక్కింటివాళ్ళ తొట్టిమీద, కుళాయి దగ్గర, పశువుల గోలెంలో మూగుతాయి. అక్కడినుంచి గొడవ మొదలు. ‘మీ ఈగలు మా పిల్లోన్ని కుట్టినాయి’ అని ఇంటిమీదికి వస్తారు. వాళ్ళనీ అనలేం. వెడల్పాటి మూకుడులో గులకరాళ్ళు వేసి, రాళ్ళు మునగకుండా నీళ్ళు పోసి పెట్టెకు దగ్గరలో నీడలో పెడితే ఈ తగాదా చాలావరకు ఉండదు. రాళ్ళు లేకపోతే ఈగలు మునిగి చస్తాయి.

నీడకు కానుగ చెట్టు కింద చోటు ఉంటే అంతకంటే అదృష్టం లేదు. లేకపోతే నాలుగు గుంజలు పాతి పైన బోద కప్పాలి. మిట్ట మధ్యాహ్నం పై మూతమీద తడి గోనెపట్టా వేయాలి. రేకుల కొట్టం కింద పెట్టొద్దు, లోపల మైనం మెత్తబడి పట్టులు జారిపోతాయి. పెట్టె ముఖం తూర్పుకు ఉంటే ఈగలు పొద్దున్నే పనిలోకి దిగుతాయి.

పొగ, వల, చేతికర్ర

మా మేనమామ బీడీ పొగ ఊది తేనె తీసేవాడు. ఆయన్ను కుట్టని ఈగ లేదు, ఆయన మానిందీ లేదు. మనకు ఆ గుండె లేదు కాబట్టి పొగడబ్బా కావాలి. రేకు డబ్బా, పక్కన తోలు తిత్తి. తిత్తి నొక్కితే మూతినుంచి పొగ వస్తుంది. పొగ తగలగానే ఈగలు ఇల్లు కాలుతోందనుకుని కడుపునిండా తేనె తాగుతాయి. కడుపు నిండినవి కుట్టడానికి అంతగా రావు. పైగా ప్రమాదం ఉందని ఒకదానికొకటి చెప్పుకునే వాసన పొగలో కలిసిపోతుంది. అందులో కాల్చడానికి కొబ్బరి పీచు, పిడక ముక్క, పాత గోనె పీలిక చాలు. ఎరువు సంచులు, మందు సంచులు వద్దు. పొగ చల్లగా, తెల్లగా ఉండాలి. చేయి అడ్డం పెట్టి చూసుకుంటే తెలుస్తుంది, చేయి కాలితే ఈగా కాలుతుంది. రెండు మూడు సార్లు ఊదితే చాలు. కోపంతో అదేపనిగా ఊదేవాళ్ళను చూశాను, ఆ తేనె పొగవాసన కొట్టింది.

ముఖానికి వల కొనకపోయినా ఫరవాలేదు. వెడల్పు అంచు టోపీకి దోమతెర గుడ్డ చుట్టూ కుట్టి, అంచు చొక్కాలోకి దోపుకుంటే చాలు. కళ్ళ ముందు భాగానికి మాత్రం నల్ల గుడ్డ వేయించుకోవాలి. తెల్ల గుడ్డ ఎండలో మెరిసి లోపల ఏముందో కనపడనివ్వదు. చేతి తొడుగులు మొదట వేసుకోండి, చేయి తిరిగాక మీరే తీసేస్తారు. లేత రంగు బట్టలు వేసుకోవాలి. సెంటు, ఘాటు తలనూనె పూసుకుని పెట్టె దగ్గరికి పోవద్దు. కుడితే ముల్లును అలాగే వదిలేయకూడదు. గోటితో గీరి వెంటనే తీసేయాలి. కొందరికి ఒక్క కాటుకే ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం, కళ్ళు తిరగడం వస్తాయి. అలాంటివాళ్ళు నాటు మందు అని ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి. మళ్ళీ ఈ పనిలోకి రాకపోవడమే మంచిది.

పెట్టెలో అంటుకుపోయిన చట్రాలు లేపడానికి ఒక ఇనుప పట్టీ అమ్ముతారు. మన తుడువె ఈగ ఇటాలియన్ ఈగలా జిగురు పూయదు. వెడల్పు స్క్రూడ్రైవరు చాలు. ఈగల్ని పక్కకు తోయడానికి మెత్తటి బ్రష్షు, అదీ లేకపోతే పచ్చగడ్డి పిడికెడు. రాణిని పై అరలోకి రాకుండా ఆపే జాలి మొదటి ఏడాది అక్కర్లేదు.

చక్కెర సంచి ఎవరి లెక్కలో?

సబ్సిడీ కాగితాల్లో కనపడని సామాను ఒకటుంది. చక్కెర. మన తాలూకాలో వేప, కానుగ, చింత పూతలు అయిపోయాక, కంది పూత వచ్చేదాకా ఈగకు గడ్డుకాలం. వాన సరిగా పడని ఏడాది ఇంకా కష్టం. వేరుశనగ ఎకరాలకు ఎకరాలు ఉన్నా దాని పూతనుంచి ఈగకు దొరికేది కొంచెమే. చేతికి అంది ఆదుకునేది మనం తిట్టుకునే బళ్ళారి జాలి. మనవాళ్ళ మాటలో సర్కారు తుమ్మ. పొలానికి అది శని, ఈగకు మాత్రం చుట్టం.

గడ్డుకాలంలో చక్కెర పానకం పెట్టకపోతే ఈగలు పెట్టె వదిలిపోతాయి. కిలో చక్కెరకు లీటరు వేడి నీళ్ళు, కరిగించి చల్లార్చాలి. కుటుంబానికి వారానికి 200 గ్రాముల చక్కెర అని మామూలుగా చెప్పే లెక్క. మూతకు సన్న బెజ్జాలు కొట్టిన డబ్బాను లోపలే బోర్లించి పెట్టాలి. చీకటి పడే వేళ పెట్టాలి, ఒక చుక్క కూడా బయట ఒలకకూడదు. ఒలికితే పక్క పెట్టె ఈగలు దోపిడీకి దిగుతాయి, చీమలు ఎటూ వస్తాయి. బెల్లం చవకని బెల్లం పానకం పెడితే ఈగలకు కడుపు చెడుతుంది. తేనె పట్టే రోజుల్లో మాత్రం పానకం పెట్టొద్దు. అప్పుడు తీసేది తేనె కాదు, చక్కెర నీళ్ళే. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సీఎస్ఈ సంస్థ పెద్ద పెద్ద కంపెనీల తేనెలో చక్కెర పాకం కలిసిందని బయటపెట్టాక జనం తేనె సీసాను అనుమానంగానే చూస్తున్నారు. ఊళ్ళో మనిషి కళ్ళముందు తీసిన తేనెకు విలువ పెరిగింది. ఆ నమ్మకాన్ని మనమే పోగొట్టుకుంటే ఇక కొనేవాడు రాడు.

తిండి తగ్గి గుంపు చిన్నదైతే ఖాళీ పట్టుల్లో మైనపు పురుగు చేరుతుంది. బూజుగూడులా దారాలు అల్లి పట్టును తినేస్తుంది. వారానికోసారి అడుగు పలక తుడిచి, ఈగలు కప్పుకోలేని పట్టుల్ని తీసేయడమే దీనికి విరుగుడు. ఇందుకు కావలసిన సామాను ఒక పాత గుడ్డ, కాస్త ఓపిక.

తేనె తీసే యంత్రం మాటకొస్తే ఒక్కో రైతు ఒక్కోటి కొనడం దండగ. గుండ్రటి డ్రమ్ములో చట్రాలు పెట్టి చేత్తో తిప్పితే తేనె చిమ్మి గోడలకు తగిలి కిందికి దిగుతుంది. పట్టు చెడదు, మళ్ళీ పెట్టెలో పెట్టొచ్చు. కిలో మైనం చేయడానికి ఈగలు ఆరేడు కిలోల తేనె తింటాయని అంటారు. పట్టును పిండేస్తే పోయేది ఆ తేనె. ఏడాదికి నాలుగైదు రోజులు వాడే ఈ యంత్రాన్ని ఊరికొకటి స్త్రీశక్తి సంఘం దగ్గర ఉంచితే చాలు. ముప్పాతిక గదులకు మూత పడ్డాకే తీయాలన్నది మరిచిపోవద్దు. పచ్చితేనె నెలకే పులుస్తుంది.

ఈగకు పహణి లేదు

ఇదంతా రైతు నేర్చుకోవాల్సింది. మరి ఇచ్చేవాళ్ళు చేయాల్సిందేమిటి? 2017లో ఖాదీ కమిషన్ హనీ మిషన్ పెట్టింది. 2020–21లో కేంద్రం 500 కోట్లతో జాతీయ తేనెటీగల మిషన్ మొదలుపెట్టింది. రాష్ట్రంలో తోటగారికె ఇలాఖె పథకాలు ఉన్నాయి. డబ్బు లేదని ఎవరూ అనడం లేదు. నేను అడిగేది ఒకటే. పెట్టె అని రాసే చోట ‘పెట్టె, స్టాండు, నాలుగు గిన్నెలు, పొగడబ్బా, ముఖపు వల, పానకం డబ్బా, మొదటి గడ్డుకాలానికి చక్కెర’ అని రాయండి. అన్నీ ఒకేసారి చేతికి వస్తేనే ఈగల్ని ఇవ్వండి. పెట్టెల సంఖ్య సగానికి తగ్గినా ఫరవాలేదు. మార్చి నెలాఖరులో లెక్కలు మూసే తొందరలో, ఎండలు ముదిరే వేళ ఈగల్ని లారీల్లో వేసి పంపొద్దు. లెక్క రాసేటప్పుడు ఎన్ని పంచారో కాదు, ఏడాది తర్వాత ఎన్నింట్లో ఈగలున్నాయో రాయండి.

భూమి లేనివాళ్ళ సంగతి వేరే చెప్పాలి. తిరుమణి, వళ్ళూరు, బళసముద్రం వైపు 13 వేల ఎకరాల్లో సోలార్ పార్కు వచ్చింది. 2018 మార్చిలో మొదటి దశ ప్రారంభమైంది. భూమి ఇచ్చినవాళ్ళకు ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలతో మొదలై కౌలు వస్తోంది. ఆ చేలల్లో కలుపు తీసి, గొర్రెలు మేపి బతికినవాళ్ళకు ఏ కౌలూ రాదు. తేనెటీగలకు ఎకరాలు అక్కర్లేదు, ఇంటి వెనక నాలుగడుగుల నీడ చాలు. ఈ పని వాళ్ళకే ముందు అందాలి. అర్జీతోపాటు పహణి తెమ్మంటే వాళ్ళు యాడ తెస్తారు? అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం 2016లోనే సోలార్ పలకల కింద, చుట్టూ పూలమొక్కలు పెంచే పద్ధతికి చట్టం చేసింది. మన పార్కు కంచె వెంట కానుగ, నేరేడు నాటితే పలకలమీద నీడ పడకుండా చూసుకోవడం అంత కష్టమైన పనా?

రెండోది భాష, సరిహద్దు. హిరేహళ్ళి, కొనేహళ్ళి కృషి విజ్ఞాన కేంద్రాలు మన జిల్లాలోవే. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో తేనెటీగల విభాగం ఉంది. అక్కడ చెప్పేవాళ్ళకు విషయం బాగా తెలుసు. కానీ తుమకూరే మనకు దాదాపు వంద కిలోమీటర్లు. బడిలో కన్నడం చదివిన కుర్రాళ్ళు పోయి నేర్చుకోగలరు. గిన్నెల్లో నీళ్ళు పోసేది, పానకం కలిపేది ఇంటి ఆడవాళ్ళు. వాళ్ళలో చాలామందికి తెలుగులో చెబితేనే మనసుకు ఎక్కుతుంది. ఇది కన్నడం మీద అలక కాదు. ఒక్కరోజు శిక్షణ పావగడలోనో, వై.ఎన్.హొసకోటలోనో, నాగలమడికెలోనో పెట్టి రెండు భాషల్లో చెప్పించమని అడుగుతున్నాం. కళ్యాణదుర్గం, రెడ్డిపల్లి కేంద్రాల నుంచి తెలుగులో చెప్పగలిగినవాళ్ళను ఒకరోజు పిలిపించుకున్నా తప్పేం లేదు.

ఎందుకంటే ఈగలు ఎలాగూ ఆ పని చేస్తూనే ఉన్నాయి. తుడువె ఈగ కిలోమీటరు, ఒకటిన్నర కిలోమీటరు దూరం పోయి మేసి వస్తుంది. మన తాలూకాకు దాదాపు చుట్టూ ఆంధ్రా ఊళ్ళే. గట్టు దాటితే మడకశిర వైపో, కళ్యాణదుర్గం వైపో చేను. అక్కడి కందిపూత మీద పొద్దున పది గంటలకు మందు కొడితే సాయంత్రానికి ఇక్కడి పెట్టె ముందు చచ్చిన ఈగలు కుప్ప. మందు కొట్టేవాడికి ఇక్కడ పెట్టె ఉందని తెలియదు. తెలిస్తే పొద్దుగూకాక కొట్టేవాడేమో. అందుకే సామానులో ఇంకొకటి చేర్చాలి, పెట్టె తలుపుకు సరిపడే తీగ జాలి. మందు కొట్టే రోజు ముందు రాత్రి గాలాడేలా జాలి బిగించి, పెట్టెను తడి గోనెతో కప్పి, నీళ్ళు పెట్టి, మర్నాడు సాయంత్రం తీసేయాలి. ఆ కబురు మనకు ముందే చెప్పేలా గట్టు అవతలి రైతుతో మాట కలుపుకోవాలి. వాళ్ళు పరాయివాళ్ళా? మన ఆడపిల్లల్ని ఇచ్చిన ఇళ్ళే కదా. పెట్టె పక్కన పెట్టుకున్న కంది చేనుకు గింజ బాగా పడుతుందని చెబితే వాళ్ళూ ఒక పెట్టె అడుగుతారు.

మొన్న పంచలో పెట్టెను ఖాళీ చేశాను. స్పానర్లు వేరేచోట సర్ది, చట్రాలు ఎండలో ఆరబెట్టాను. ఒక చట్రం విరిగింది, మా ఊరి వడ్రంగి దగ్గర ఉంది. ఈసారి కందిపూతకు రెండు కుటుంబాలు తెచ్చుకోవాలని అనుకుంటున్నాను. బజారుకు పోయి ఎనిమిది గిన్నెలు, ఒక మూకుడు కొన్నాను. మా ఆవిడ దోమతెర గుడ్డతో టోపీ కుడుతోంది. నల్ల గుడ్డ ముక్క దొరికితే అదీ అయిపోతుంది.